కడిగిన కుండ

కల్లుకుండను కడగకూడదని బొడ్డుగుమ్మిలో నడక రాని పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. జీలుగు చెట్టు మీది కుండలో కల్లు వంపుకున్నాక, అడుగున మిగిలే మడ్డిని అలాగే ఉంచి కుండను మళ్ళీ చెట్టుకు కట్టేస్తారు. కొత్తగా కారే తీపినీరు ఆ మడ్డి తగిలితేనే పొంగి కల్లవుతుంది. కడిగిన కుండలో పొంగు రాదు. పొంగని కల్లును పెళ్ళివారు కాదు గదా, పస్తున్నవాడు కూడా ముట్టడు.

ఆ మడ్డిలోనే మలేరియాకు విరుగుడు ఉందని కనిపెట్టింది ఆ ఊరి ఆడపిల్లే. పేరు కొర్రా విమల. మన్యంలో పుట్టి, ఏటా వానల్లో చలిజ్వరంతో వణికి, ఆ జ్వరం మీద కోపంతోనే చదువుకుని, లింగాలమెట్టలోని దోమల పరిశోధనశాలలో శాస్త్రవేత్తగా చేరింది. ఒక ఏడు ఇటుకల పండగకు ఊరొచ్చి అక్క దైమతి ఇంటి అరుగు మీద కూర్చుంది. బావ లైకోన్ అప్పుడే దించి పెట్టిన కుండ నురగ మీద దోమలు బారులు తీరి వాలుతున్నాయి.

"మీ బావ కల్లుకి మడుసులే కాదు, దోమలు కూడా మరిగిపోనాయి," అని దైమతి నవ్వింది.

విమల కూడా నవ్వింది గానీ, దోమల్ని చూస్తే చేతులు ఊరుకోని ఉద్యోగం ఆమెది. కొన్నిటిని సీసాలో పట్టి లింగాలమెట్ట తీసుకుపోయింది. ప్రయోగశాలలో పుట్టిన దోమలకూ, ఈ కల్లు దోమలకూ ఒకే మలేరియా రక్తం తాగించింది. రోజులు గడిచాక రెండు రకాల కడుపులూ కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. మొదటి రకంలో మలేరియా క్రిములు పుట్టలు పుట్టలుగా ఉన్నాయి. కల్లు దోమల్లో వెతికినా ఒక్కటి లేదు.

పరిశోధనశాల పెద్ద డాక్టర్ వేదగిరి గోదావరి జిల్లా మనిషి. వెటకారం లేకుండా కాఫీ కూడా తాగడు. "అయితే ఏమ్మా, తాగిన మైకంలో దోమలు మలేరియా సంగతి మరిచిపోయాయంటావా?" అన్నాడు. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా అదే ప్రయోగం తానే చేసి చూసుకున్నాడు. మర్నాడు వెటకారం మానేసి, కాఫీ కప్పు ఆమె ముందు పెట్టి, "మళ్ళీ మొదటి నుంచి చెప్పు," అన్నాడు.

మడ్డిలో ఉన్న ఒక సూక్ష్మజీవి దోమ కడుపులో కాపురం పెడితే, మలేరియా క్రిమికి అక్కడ చోటు దొరకదు. దాని శాస్త్రీయ నామం పలకాలంటే నాలుక మెలిక పడుతుంది. ఊళ్ళవాళ్ళు మాత్రం దాన్ని "తోడు" అన్నారు. చిన్న మట్టికుండలో బెల్లపునీళ్ళు పోసి, తోడు కలిపి, మూతికి గుడ్డవత్తి కట్టి పశువుల పాక చూరుకు వేలాడదీస్తే చాలు. దోమలు వత్తి మీద వాలి తీపి పీల్చుకుంటాయి. తోడు వాటి కడుపులోకి పోతుంది. ఆ పైన అవి కుట్టినా దురదే గానీ జ్వరం ఉండదు. వారానికోసారి కుండలో మడ్డి ఉంచి పాత నీళ్ళు పారబోసి, కొత్త బెల్లపునీళ్ళు పోయాలి. మన్యంలో ఎవరికీ నేర్పనక్కర్లేని పని అది.

కొన్ని వానాకాలాలు తిరిగేసరికి ఆ కొండల్లో మలేరియా మాట వినబడడం మానేసింది. దోమతెరలు కోడిపిల్లల మీదికీ, గెడ్డలో చేపలు పట్టడానికీ వెళ్ళిపోయాయి. దోమల మందు కొట్టేవాళ్ళను వేరే పనులకు వేశారు. ఆసుపత్రిలో మలేరియా పరీక్ష కిట్లు గడువు దాటి మూలన పడ్డాయి. కొత్తవి కావాలని విమల అడిగితే, "లేని జబ్బుకు పరీక్షలెందుకండీ?" అని పైవాళ్ళు తిరిగి అడిగారు. జవాబు ఆమె దగ్గర ఉంది. మలేరియా పోలేదు. పెద్దవాళ్ళ రక్తంలో బయటపడకుండా అక్కడక్కడా పడి ఉంది, ఒకరి నుంచి ఇంకొకరికి మోసే దోమ దొరక్క ఆగింది, అంతే. పైగా చిన్నప్పటి నుంచీ జ్వరాలు పడి పడి రాటుదేలిన ఒళ్ళు పాతవాళ్ళవి. కుండలొచ్చాక పుట్టిన పిల్లలకు ఆ రాటు లేదు. ఈ మాట ఆమె మీటింగుల్లో చెప్పింది, కానీ విజయం గురించి మాట్లాడుకునే చోట ఇలాంటి మాట పెళ్ళిలో తుమ్ము లాంటిది.

దైమతి కూతురు జమున అలా పుట్టిన పిల్లే. ఏడేళ్ళు నిండినా ఆ పిల్లకు ఒక్కసారి కూడా గట్టి జ్వరం రాలేదు. వారం వారం కుండ మారుస్తుంటే వత్తి పట్టుకోవడం తన ఉద్యోగమని దానికి గట్టి నమ్మకం. ఇంకెవరైనా పట్టుకుంటే కాళ్ళు కొట్టుకుంటూ ఏడ్చేది.

కరోనా సంగతులు పిల్లలకు కథలుగా చెప్పుకుంటున్న రోజుల్లో ఇంకో మహమ్మారి దిగింది. ఊపిరితిత్తులకు పట్టే రోగం. టీవీలో దానికి ఏదో అంకెల పేరుంది, మన్యంలో మాత్రం గాలిజబ్బు అన్నారు. లింగాలమెట్ట పరిశోధనశాలను ఒక్కపూటలో గాలిజబ్బు పరీక్షా కేంద్రంగా మార్చేశారు. దోమల గదిలో దోమలు పోయి, పరీక్షకు ముక్కులో తిప్పే ముక్కుపుల్లల పెట్టెలు వచ్చాయి. ప్రతి నెలా ఊళ్ళ నుంచి కుండనీళ్ళ చుక్క తెచ్చి, తోడు బతికుందో లేదో చూసే పని ఒకటుండేది. ఆ పని చేసేవాళ్ళందరికీ తెల్ల సూట్లు తొడిగి ముక్కుపుల్లల దగ్గర కూర్చోబెట్టారు.

"ఒక్క మనిషిని మలేరియాకు ఉంచండి సార్," అంది విమల. "వానలు వస్తున్నాయి."

"ఎక్కడి నుంచి తేనమ్మా? కళ్ళముందు మనుషులు ఊపిరాడక పోతున్నారు," అన్నాడు వేదగిరి. రోజుల తరబడి నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "రెండు నెలలు ఓపిక పట్టు. కుండలెక్కడికి పోతాయి? మీవాళ్ళు వాటిని మనకంటే బాగా చూసుకుంటారు."

అది నిజమే కాబట్టి విమల కూడా ఊరుకుంది. ఆమె భయమంతా అప్పుడు గాలిజబ్బు గురించే. బొడ్డుగుమ్మి దాకా మామూలుగా బండ్లు రావు, ఆసుపత్రికి పిల్లనైనా పెద్దనైనా డోలీ మీద మోసుకురావాలి. ఊళ్ళో ఒక్కరికి అంటుకుంటే ఇక అంతే. అందుకని రోజూ అక్కకు ఫోన్ చేసేది. ఊరి పైన బండ ఎక్కితే గానీ సిగ్నల్ అందదు కాబట్టి దైమతి సాయంత్రం పూట జమునను వెంటబెట్టుకుని బండ మీదికి వచ్చేది. అక్కను అప్ప అనడం అక్కడి వాడుక.

"అప్పా, ఊరు కట్టేయండి. దారికి దుంగలు అడ్డం పెట్టండి. ఎవర్నీ రానివ్వొద్దు."

"నువ్వొస్తేనో?"

"నేనొచ్చినా రానివ్వొద్దు. ఈ జబ్బుకి అప్పాచెల్లెళ్ళు తెలీదు. బయటి నుంచి వచ్చినవన్నీ బ్లీచింగు నీళ్ళతో కడుగు. బిందెలు, కుండలు, అన్నీ. ఏదీ వదలకు. పంచాయతీవాళ్ళు బస్తా ఇచ్చారు కదా?"

"ఇచ్చినారు. ముక్కులు మండిపోతన్నాయి."

"మండనీ. మండితేనే పని చేసినట్టు."

ఫోను జమున లాక్కుంది. "పిన్నీ, ఈ గాలిజబ్బు దోమలకి కూడా ఒస్తాదా?"

"రాదే."

"మరి ఆటికి మూతిగుడ్డలు అక్కర్లేదా? అదురుష్టం!"

విమల చాలారోజుల తర్వాత మనసారా నవ్వింది. కుండలు అన్నప్పుడు ఆమె మనసులో ఉన్నవి నీళ్ళకుండలు. దైమతి ఎన్ని కుండలు విందో ఆమెకు తోచలేదు. ఆ తర్వాత ఆ మాట తలుచుకోని రోజు విమల జీవితంలో లేదు.

దైమతి పని మొదలెడితే సగంలో ఆపే మనిషి కాదు. మర్నాడు ఇంట్లో ఉన్న కుండలన్నీ వరసగా పెట్టి బ్లీచింగు నీళ్ళతో తోమింది. చూరు కింది తోడుకుండ కూడా దించింది. పాకలో ఉన్న లైకోన్ చూసి పరుగున వచ్చాడు.

"ఏటే, మడ్డి పారబోస్తన్నావు? ఎక్కడైనా కుండ కడుగుతారేటే?"

"విమల సెప్పింది. ఏదీ ఒదలొద్దంది."

"ఇది కూడానా?"

"ఈ కుండ ఎవులిది? అది ఇచ్చిందే గదా. దానికి తెలీదా, నీకు తెలుసా?"

లైకోన్ పాకలోకి తిరిగి వెళ్ళాడు. చదువుకున్న మరదలు చెప్పిందంటే ఏదో కారణం ఉండే ఉంటుంది. కుండ కొత్తదానిలా మెరిసింది. దైమతి పక్కింటివాళ్ళ కుండలో మడ్డి అరువు తెచ్చుకుని పోసింది గానీ, కుండ మట్టిలోకి ఇంకిన మందు ఆ అరువును కూడా చంపేసిందని ఎవరికి తెలుస్తుంది? పైగా తర్వాతి వారం పక్కింటివాళ్ళూ కడిగారు. విమల వాళ్ళ అప్పే కడుగుతోందంటే చూడడానికి కొండ అవతలి ఊళ్ళవాళ్ళు దారికి అడ్డం పెట్టిన దుంగల దాకా వచ్చి, దూరంగా నిలబడి ఎంత పొడి వేయాలో అడిగి తెలుసుకుని పోయారు. దైమతి ఓపిగ్గా అందరికీ చెప్పింది.

వానలు పడ్డాయి. జ్వరాలు మొదలయ్యాయి. జ్వరం అంటే ఇప్పుడు ఒకటే అర్థం. ఆరోగ్య కార్యకర్త దుంగల దగ్గరికొచ్చి, తెల్ల సూటు లోపల చెమటలు కక్కుతూ, ముక్కుల్లో పుల్లలు తిప్పి పట్టుకుపోయేది. వేలు గుచ్చి రక్తపు చుక్క తీయడం ఎప్పుడో పోయింది. జ్వరం వస్తే కదలకుండా ఇంట్లోనే ఉండాలని ఊరూరా జీపులో మైకు పెట్టి చెప్పారు. జ్వరం వచ్చినవాళ్ళు కదలకుండా ఇంట్లోనే ఉన్నారు.

బొడ్డుగుమ్మి పుల్లలు లింగాలమెట్ట వచ్చిన రోజున విమల వాటిని తన బల్ల మీదే పెట్టుకుంది. వాటిలో జమున పేరు ఉంది. యంత్రం తిరుగుతున్నంతసేపూ ఆమె గోళ్ళు కొరుకుతూనే ఉంది. ఫలితాలు వరసగా వచ్చాయి. నెగెటివ్, నెగెటివ్, నెగెటివ్. ఊరు మొత్తం నెగెటివ్. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. వేదగిరి ఎన్నో రోజుల తర్వాత వెటకారం చేశాడు. "మీ ఊరి దుంగలకు సన్మానం చేయాలమ్మా."

ఆ సాయంత్రం బండ మీది అక్కకు విమల ఆ సంతోషంతోనే ఫోన్ చేసింది.

"నెగెటివ్ అప్పా! జమునకి ఏమీ లేదు. భయపడకు."

"మరి ఒళ్ళు కాలిపోతన్నాది గదే?"

"వానకి తడిసుంటుంది. జ్వరం మాత్ర వెయ్యి. ఇంట్లోనే పడుకోనీ. ఆసుపత్రికి మాత్రం తీసుకురావొద్దు, ఇక్కడ ఉన్న జబ్బు అంటుకుంటుంది."

"అలగే," అంది దైమతి. గొంతులో ఊరట వినిపించింది. చెల్లెలు చెబితే ఆమెకు ఇక వేరే డాక్టరు అక్కర్లేదు.

మూడో రోజు మధ్యాహ్నం లైకోన్ ఫోన్ చేశాడు. అతను ఎన్నడూ ఫోన్ చేసే మనిషి కాదు.

"మరదలా, మన జమున గుంటకి ఫిట్లొస్తన్నాయి. పొద్దున్న సలి సలి అని వణికింది. మొన్న కూడా అదే యేళకి. ఇప్పుడు పిలిస్తే పలకటం నేదు."

చలి, వణుకు, రోజు విడిచి రోజు అదే వేళకు. విమల చిన్నప్పుడు తన ఒంటితో చదువుకున్న పాఠం అది. చేతిలోని పుల్లను బల్ల మీద పెట్టేసింది. గాలిజబ్బు కాదు సరే. మరి జ్వరం ఏమిటి? ఆ ఒక్క ప్రశ్న చప్పట్లు కొట్టిన రోజున ఆ గదిలో ఎవరూ అడగలేదు. మలేరియా మీద డాక్టరేట్ తీసుకున్న తానూ అడగలేదు.

మూలన పడి ఉన్న పెట్టెలు తెరిచి గడువు దాటిన కిట్లు, మలేరియా మాత్రలు, ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు ఉన్నన్ని సంచిలో వేసుకుంది. వేదగిరి వెంటనే జీపు ఇప్పించాడు. డ్రైవరు అప్పలకొండ ఆ వానలో బురద ఘాటీ రోడ్డు మీద జీపును అంత వేగంగా ఎప్పుడూ ఎక్కించలేదు.

బొడ్డుగుమ్మి దారికి అడ్డంగా దుంగలు, వాటి మీద ముళ్ళకంప. అవతల ఊరిపెద్ద నాయుడు సన్యాసి, ఇంకో నలుగురు కర్రలు పట్టుకుని ఉన్నారు.

"దూరం, దూరం! లోపలికి రాకూడదు."

"నాయుడు మావా, నేను విమలని."

"తెలుసమ్మా. నువ్వొచ్చినా రానీయొద్దని నువ్వే సెప్పినావట గదా. దైమతి ఊరంతా సాటింపేసింది. నీ మాట మేము దాటలేము."

వాళ్ళు మొండికి పోవడం లేదు. ఆమె మీది గౌరవంతోనే ఆపుతున్నారు. విమలకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఆ మాట తప్పు మావా. నేను చెప్పిందే తప్పు. పిల్లని తీసుకురండి, మీ కాళ్ళు పట్టుకుంటాను," అని ముళ్ళకంప మీదుగా అరిచింది.

లైకోన్ జమునను భుజాన వేసుకుని వచ్చాడు. వెనక దైమతి పరుగున వస్తోంది. పిల్లను దుంగల మీదే పడుకోబెట్టారు. కనురెప్పల లోపల ఎరుపన్నదే లేదు. విమల వేలు గుచ్చి చుక్క తీసి కిట్టు మీద వేసింది. పరీక్ష సరిగా జరిగితే ఒక గీత వస్తుంది. రెండో గీత వస్తే మలేరియా. గడువు దాటిన కిట్టులో కూడా రెండు గీతలూ వెంటనే, దట్టంగా వచ్చేశాయి. దుంగల మీదనే ఇంజెక్షను చేసింది. పిల్లను ఎత్తుకుని దైమతితో జీపెక్కింది. లైకోన్ వెనక రేకు పట్టుకుని వేలాడాడు.

ఘాటీ దిగుతుంటే జమున ఒకసారి కళ్ళు తెరిచింది. ఎవర్నీ చూడలేదు. రోడ్డు మీది ఆసుపత్రి కనపడకముందే దాని ఊపిరి ఆగిపోయింది. విమల చాలాసేపు గుండె మీద నొక్కుతూనే ఉంది. చివరికి లైకోన్ ఆమె చేతులు పట్టుకుని పక్కకు తీశాడు.

పిల్లను మట్టిచేసిన రోజున విమల చూరు కింద నిలబడి తోడుకుండ వంక చూసింది. వత్తి మీద దోమలు ముసిరి ఉన్నాయి. మామూలుకంటే చాలా ఎక్కువ. కుండ మూతి దగ్గర ముక్కు పెట్టింది. పులుపు వాసన లేదు, వట్టి బెల్లపు వాసన. ఊళ్ళో జ్వరంతో ఉన్నవాళ్ళకు తెచ్చిన మాత్రలు పంచింది. కుండను సంచిలో పెట్టుకుని లింగాలమెట్ట పోయింది.

ముక్కుపుల్లల బల్ల మీద ఒక మూల ఖాళీ చేయించి రాత్రీ పగలూ కూర్చుంది. కుండనీళ్ళలో తోడు ఆనవాలే లేదు, మట్టిలో బ్లీచింగు ఉంది. వట్టి తీపినీళ్ళు తాగిన దోమలను ఒక పెట్టెలో, ఏమీ తాగనివాటిని ఇంకో పెట్టెలో ఉంచింది. రెండో పెట్టెలోవి త్వరగా రాలిపోయాయి. తీపి దోమలు ఇంకా హుషారుగా తిరుగుతున్నాయి. మలేరియా క్రిమి దోమ కడుపులో ముదరడానికి రోజులు పడుతుంది, మామూలుగా అంతదాకా బతికే దోమలు కొన్నే. తోడు చచ్చిన కుండ దోమలకు తిండిపెట్టి, ఆ రోజులు దాటేదాకా పెంచింది. అసలు కుండే లేకపోతే ఇంత జ్వరం వచ్చేది కాదు.

వేదగిరి సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తలేదు. "నేను రెండు నెలలన్నాను," అన్నాడు. "ఒక్క మనిషిని అడిగావు. నెలకో చుక్క చూసే మనిషి. ఇవ్వలేకపోయానమ్మా." ఆయన కళ్ళద్దాలు తుడుచుకోవడం విమల మొదటిసారి చూసింది.

ఫ్రిజ్‌లో దాచిన తోడు పెట్టెలు కూడా ముక్కుపుల్లలకు చోటు కోసం ఎవరో బయట పెట్టారట, ఎండకు పాడైపోయాయి. ఇక ఎక్కడ ఉంటుందని ఆలోచిస్తే ఒకటే చోటు తోచింది. దైమతి చేయి అందని చోటు. విమల లైకోన్‌కు కబురు పంపింది. అతను జీలుగు చెట్టెక్కి చిటారున కట్టిన కుండ దించి తెచ్చాడు. మడ్డిలో తోడు బతికే ఉంది. కుండ ఆమె చేతికిస్తూ లైకోన్ ఒక్కమాట అనలేదు. కుండ కడగమంటావా మరదలా అని ఒకసారి అరిస్తే బాగుండునని విమలకు అనిపించింది.

తోడు మళ్ళీ పెంచవచ్చు. కానీ అంతకంటే ముందు ఊరూరా కడిగిన కుండలు పగలగొట్టించాలి, కడగడం మాన్పించాలి, జ్వరం ఉన్నవాళ్ళందరికీ రక్తం చూసి మాత్రలివ్వాలి. ఎందుకు పగలగొట్టాలో చెప్పకుండా ఎవరూ పగలగొట్టరు. చెబితే దైమతి వింటుంది. చెప్పకపోతే ఇంకో ఊళ్ళో ఇంకో జమున. ఏం చెప్పినా ముందు అక్కకు తానే చెప్పాలని విమల బయల్దేరింది.

వెళ్ళేసరికి దైమతి పెరట్లో కూర్చుని కుండలు తోముతోంది. బ్లీచింగుకు చేతులు పగిలి, వేళ్ళ సందుల్లో రక్తం ఊరుతోంది. మొహం ఎత్తకుండానే అంది:

"తక్కువ పడిందేటోనే. అప్పుడు ఒక పిడికిడే ఏసీదాన్ని. ఇప్పుడు రెండు ఏస్తన్నాను."

విమల ఆమె ముందు బురదలో కూలబడింది. ఆ రెండు చేతులూ పట్టుకుని చెప్పింది. తోడు ప్రాణమున్నదనీ, బ్లీచింగుకు చచ్చిందనీ, వట్టి తీపి దోమల్ని బతికించిందనీ. దాచకుండా, ఆగకుండా, చివరి దాకా. చెప్పకపోతే తానిక మనిషిని కానని అనిపించింది. చెబుతుంటే కూడా అలాగే అనిపించింది.

దైమతి చేతులు వెనక్కి లాక్కోలేదు. "అంటే, నా సేతుల్తోనే," అంది.

"నీ చేతులతో కాదప్పా. నా మాటతో. కుండలన్నీ అన్నాను. తోడుకుండ వద్దని చెప్పలేదు. నెగెటివ్ అని నవ్వాను. ఆసుపత్రికి తేవద్దన్నాను. అన్నీ నేనే."

దైమతి వినిపించుకున్నట్టు లేదు. కొండ వైపు చూస్తోంది. "ఆ ఊళ్ళోళ్ళందరికీ నానే గదే నేర్పినాను," అని లేచి నిలబడింది. చీరకు చేతులు తుడుచుకుంది. "పద. బండి ఎక్కడుంది?"

జీపులో మైకు ఉంది. విమల దారి పొడవునా తాను చెప్పాల్సిన మాటలు మనసులో పేర్చుకుంది. శాస్త్రవేత్తగా ఈ కుండలు పెట్టించింది నేను. కడగమని చెప్పిందీ నేనే. తప్పు నాది. కొండ అవతలి మొదటి ఊరి దుంగల ముందు జీపు ఆగింది. అవతల జనం దూరం దూరంగా వచ్చి నిలబడ్డారు. చాలామంది కళ్ళు జ్వరంతో పీక్కుపోయి ఉన్నాయి. ఒక తల్లి చంకలో పిల్ల తల వాల్చేసి ఉంది. విమల మైకు అందుకునేలోపే దైమతి తీసుకుంది.

"నాను బొడ్డుగుమ్మి దైమతిని. నన్ను ఎరుగుదురు గదా. తోడుకుండలు కడగమని మీకు నేర్పినదాన్ని. అది తప్పు. కడిగితే తోడు సచ్చిపోద్ది. దోమ బలుస్తాది. నాను కడిగినాను, నా గుంట పోనాది. మీరు కడగొద్దు. కడిగినయి ఇప్పుడే పగలగొట్టేయండి. ఈ డాక్టరమ్మ రక్తం సూసి మాత్రలిస్తాది. అందరూ మింగండి."

కుండలు పగిలిన చప్పుడు ఒక ఇంటి నుంచి మొదలై ఊరంతా పాకింది. దుంగల దగ్గరికి ఒక ముసలామె కర్ర ఊతంతో వచ్చింది. మనవరాలు మొన్ననే పోయిందని ఎవరో చెప్పారు. ఆమె దైమతిని ఎగాదిగా చూసింది.

"కల్లుకుండ కడగరాదని నీకు తెల్దేటే? ఏ మాయదారిముండ సెప్పిందే నీకు కడగమని?"

విమల నోరు తెరిచింది. దైమతి చేయి ఆమె మోచేతిని గట్టిగా పట్టుకుంది.

"ఎవులూ సెప్పనేదు అవ్వా. నాకే తోచింది."

ముసలామె కర్రతో దుంగను కొట్టి నేల మీద ఉమ్మింది. కానీ విమల వైపు తిరిగి మాత్ర కోసం చేయి చాచింది. వెనకున్న తల్లి కూడా చంకలోని పిల్ల వేలు ముందుకు పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు, చివరికి అందరూ వచ్చారు.

జీపు కదిలాక విమల అడిగింది. "ఎందుకలా చెప్పావప్పా?"

"నీ పేరు సెప్తే నీ మాత్ర మింగుతారేటే?" అంది దైమతి. "నన్ను తిట్టినా ఏటి పోద్ది ఇంక."

విమల ఏడ్చింది. దైమతి ఏడవలేదు, బయటికి చూస్తూ కూర్చుంది. వాన తగ్గేసరికి ఆ కొండ మీద జ్వరం కూడా తగ్గింది. కొత్త తోడు పోసిన కుండలు మళ్ళీ చూరులెక్కాయి. ఎంతమంది పిల్లలు బతికారో వేదగిరి నివేదికలో రాశాడు, విమలకు మెప్పు వచ్చింది. కడగమన్నది తానేనని ఆమె పై అధికారులకు రాసి ఇచ్చింది. దాన్ని ఎవరూ ఊళ్ళల్లో చదవలేదు. అక్కడ ఇప్పటికీ బొడ్డుగుమ్మి దైమతి అంటే కుండలు కడిగి పిల్లల్ని పోగొట్టిన ఆడది.

ఆ మొదటి రోజున వాళ్ళు చీకటి పడేదాకా తిరిగారు. దుంగలున్న ప్రతిచోటా ఎవరో ఒకరు అదే అడిగారు. దైమతి అదే చెప్పింది. విమల పక్కనే నిలబడి, మందు సంచి పట్టుకుని, ప్రతి ఊళ్ళోనూ వింది.